మెరీన్ గర్ల్స్ ‘బీచ్ పార్టీ’ని మళ్లీ వినాలా? వినాలి, ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మీకు నిర్వాణా అనే అమెరికా రాక్ బ్యాండ్ అంటే ప్రాణం. 2002లో ఆ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ నోటుపుస్తకాలు అచ్చయినప్పుడు, ఆయనకు నచ్చిన 50 ఆల్బమ్‌ల జాబితాలో ‘మెరీన్ గర్ల్స్’ అనే ఇంగ్లండ్ అమ్మాయిల బ్యాండ్ పేరు చూసి వాళ్ల ‘బీచ్ పార్టీ’ సంపాదించారు. ఒక్కసారి విని, ‘డ్రమ్స్ లేవు, శ్రుతి నిలవదు, స్కూలు పిల్లల ప్రాక్టీసులా ఉంది’ అనుకుని పక్కన పెట్టేశారు. ఇరవై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఇంటర్ చదువుతూ బేస్ గిటార్ నేర్చుకుంటున్న మీ అమ్మాయి అదే ఆల్బమ్‌ను రోజంతా పెడుతోంది. మీరు మళ్లీ రెండు మూడు పాటలు విన్నా ఏమీ ఎక్కలేదు. ‘అది వింటున్నదేమిటి, నాకు వినపడనిదేమిటి?’ అని అడిగారు.

నా జవాబు: మళ్లీ వినండి. ఈసారి మంచి హెడ్‌ఫోన్స్‌తోగానీ, కాస్త పెద్ద స్పీకర్లలోగానీ. ఆ ఆల్బమ్‌లో పాటను నడిపేది గిటారూ కాదు, గొంతూ కాదు, కింది స్వరాలు పలికే బేస్ గిటార్. మీరు విన్నది ఫోన్‌లో అని మీరే రాశారు. అంటే ఆ బ్యాండ్‌లో సగాన్ని మీరు ఇంకా వినలేదు. మీ అమ్మాయి బేస్ వాయిస్తుంది కాబట్టి ఆమె చెవి నేరుగా అక్కడికే వెళ్లి ఉంటుంది.

నేను పద్దెనిమిదేళ్లుగా బేస్ వాయిస్తున్నాను. హైదరాబాద్‌లో ఇంటి మేడమీద ఒక చిన్న రికార్డింగ్ గది నడుపుతున్నాను. మాది హనుమకొండ. పై చదువుకి రెండేళ్లు ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు ఒక పాత రికార్డుల కొట్లో ఈ ఆల్బమ్ నా చేతికి దొరికింది. అప్పటికి నాకూ మీలాగే అనిపించింది. రెండు వారాలు అలా పడేసి, ఒక రాత్రి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఒళ్లో బేస్ పెట్టుకుని, వాళ్లు వాయించేది పట్టుకుందామని కూర్చున్నాను. తెల్లవారేదాకా లేవలేదు.

ఫోన్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటి పాత రికార్డుల విషయంలో చాలామంది పొరబడేది ఇక్కడే. బేస్ గిటార్‌లో అడుగు తీగ (‘ఇ’ స్వరం) సుమారు 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ పైవి 55, 73, 98. అన్నిటికంటే పై తీగను పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కినా వచ్చేది 196 హెర్ట్జ్. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకర్లు సుమారు 300 హెర్ట్జ్ కింద బాగా చచ్చుబడిపోతాయి. అయినా ఫోన్‌లో బేస్ వినపడుతున్నట్టే ఎందుకు ఉంటుందంటే, ప్రతి స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు ఎత్తులో ఉపస్వరాలు పుడతాయి. వాటిని బట్టి మెదడు అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. స్వరం తెలుస్తుంది, బరువు తెలియదు. డ్రమ్స్, కీబోర్డు, మూడు గిటార్లు ఉన్న పాటలో ఈ లోటు అంతగా తెలియదు, మిగతావన్నీ కప్పేస్తాయి. ఒక గిటార్, ఒక బేస్, గొంతులు మాత్రమే ఉన్నచోట బేస్ బరువు పోయిందంటే ఇంటికి పునాది తీసేసినట్టే. మిగిలేది గలగలమనే సన్నటి గిటారు, దాని మీద ఆధారం లేకుండా తేలే గొంతు. దాన్నే మీరు ‘ప్రాక్టీసు’ అన్నారు. మీ చెవి తప్పు కాదది.

ఇక వాళ్ల కథ. తెలిస్తే ఆ శబ్దం అలా ఎందుకు ఉందో అర్థమవుతుంది.

లండన్‌కి ఉత్తరాన హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో హ్యాట్‌ఫీల్డ్ అని ఒక ఊరు. 1980లో అక్కడి స్కూలు స్నేహితురాళ్లు బ్యాండ్ పెట్టారు: ట్రేసీ థార్న్ గిటార్, జేన్ ఫాక్స్ బేస్, జీనా హార్ట్‌మన్ గొంతు, చిన్నచిన్న తాళవాద్యాలు. కొద్ది రోజులకే జేన్ చెల్లెలు ఆలిస్ పాడటానికి చేరింది. డ్రమ్మర్ లేరు. తర్వాతా రాలేదు. 1981లో ‘ఎ డే బై ద సీ’ అని ఇంట్లోనే పాటలు రికార్డు చేసి, క్యాసెట్లు తామే తయారు చేసి అమ్ముకున్నారు. యాభై క్యాసెట్లు, అంతే. ఆ తర్వాత పాట్ బర్మింగ్‌హామ్ అనే ఆయన తన పెరట్లోని షెడ్డులో నడిపే రికార్డింగ్ గదికి వెళ్లి ‘బీచ్ పార్టీ’ పాటలు రికార్డు చేశారు. అది మొదట ఆయన ‘ఇన్ ఫేజ్’ లేబుల్ మీద క్యాసెట్‌గా వచ్చింది. టెలివిజన్ పర్సనాలిటీస్ బ్యాండ్‌కి చెందిన డాన్ ట్రేసీ వాళ్ల ‘వామ్!’ లేబుల్ దాన్ని ఎల్పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు) చేసింది. అప్పటికి ట్రేసీ థార్న్‌కి నిండా ఇరవై లేవు.

పెరటి షెడ్డు అనగానే ‘పాపం, డబ్బుల్లేక’ అని జాలిపడే వ్యాసాలు చాలా చదివాను. నాకు ఆ మాట నచ్చదు. డబ్బు లేని మాట నిజమే. ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతటా పంక్ అనే మోటు రాక్ సంగీతం వెలిగించిపోయిన ఒక ధైర్యం ఉంది: గిటార్ మీద మూడు కార్డ్‌లు వచ్చినా చాలు, రికార్డు మనమే వేసుకోవచ్చు అని. బజ్‌కాక్స్ అనే పంక్ బ్యాండ్ వాళ్లు 1977లోనే సొంతంగా రికార్డు వేసుకుని దారి చూపించారు. ఆ దారిన నడిచిన చాలామంది గోల పెంచారు. ఈ అమ్మాయిలు గోలను తగ్గించుకుంటూ పోయారు. గిటార్ మీద డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించడం) పెట్టడం, దొరికినవాణ్ని డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టడం వాళ్లకు కష్టమైన పనులేం కావు. అవి అక్కర్లేని పాటలు రాసుకున్నారు. ‘బీచ్ పార్టీ’లో ఖాళీ జాగా లోటు కాదు, కూర్పు.

ఇది నాకు పుస్తకాల్లో కంటే నా గదిలోనే బాగా తెలిసింది. రెండేళ్ల క్రితం డిగ్రీ చదువుతున్న ముగ్గురు అమ్మాయిలు నా దగ్గరికి నాలుగు పాటలు రికార్డు చేసుకోవడానికి వచ్చారు. ఒకమ్మాయి గిటార్, ఒకమ్మాయి బేస్, ఒకమ్మాయి పాట. డ్రమ్మర్ పరీక్షల పేరుతో మానేశాడట. ‘మేడమ్, కంప్యూటర్‌లో డ్రమ్స్ పెట్టేయండి’ అన్నారు. పెట్టాను. నిమిషానికి 92 దెబ్బల వేగం, తిరిగి తిరిగి అదే మోగే శుభ్రమైన లూప్. పాట గడియారంలా నడిచింది, చచ్చిపోయింది. బేస్ వాయించే అమ్మాయికి ఒక అలవాటు ఉండేది: చరణం చివర తన స్వరాన్ని ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వదిలేది, ఊయల వెనక్కి వెళ్లి ఒక్క క్షణం ఆగినట్టు. లూప్ ముందు అది తప్పులా వినపడింది. ఆ పిల్ల కూడా తప్పే అనుకుని సరిదిద్దుకోవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లూప్ తీసేశాను. ముగ్గుర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, పాడే అమ్మాయి చేతికి గుప్పెడు బియ్యం పోసిన చిన్న స్టీలు డబ్బా ఇచ్చాను. తాళం కోసం ఒకరి చేతులు ఒకరు చూసుకోవాల్సి వచ్చింది. పల్లవికి వచ్చేసరికి వేగం 97 దాకా పెరిగింది, చరణంలో మళ్లీ దిగింది. ఆ పెరగడం తగ్గడంలోనే పాటకు ఊపిరి వచ్చింది. ఆ రికార్డింగునే ఉంచాం. ఆ సాయంత్రం వాళ్లకు ‘బీచ్ పార్టీ’ వినిపించాను. బేస్ అమ్మాయి రెండో పాట మధ్యలోనే ‘ఈమె నాలాగే ఆగుతోంది మేడమ్’ అంది.

మీ అమ్మాయి వింటున్నది దాదాపుగా అదే అయ్యుంటుంది. మామూలు రాక్ బ్యాండ్‌లో బేస్ పని డ్రమ్స్‌కి తోడు నడవడం, కార్డ్‌లోని మూలస్వరాన్ని పట్టుకుని ఉండటం. డ్రమ్స్ లేనిచోట జేన్ ఫాక్స్‌కి రెండు పనులు పడ్డాయి: తాళం చూపించాలి, బాణీ కూడా పాడాలి. అందుకే ఆమె బేస్ మెడ మీద పైపైకి ఎక్కుతూ వాయిస్తుంది. ఒక చిన్న వరస తీసుకుని దాన్నే తిప్పి తిప్పి చెప్తుంది. ట్రేసీ గిటారు ఆ వరస చుట్టూ రెండు మూడు తీగలతో గీతలు గీస్తుంది, నిండుగా మీటడం తక్కువ. పాట ఆగిపోయాక మీ నోట్లో మిగిలేది ఏమిటో గమనించండి. చాలా పాటల్లో గొంతు పాడిన వరస కాదు, బేస్ వరస మిగులుతుంది. నేను ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటి నెలలోనే ఈ ఆల్బమ్‌లోని ‘ఇన్ లవ్’ పాట ఇస్తాను. వేళ్లకు కష్టం తక్కువ, చెవికి పని ఎక్కువ.

శ్రుతి గురించి మీరు రాసిన మాట దాటవేయను. అక్కడక్కడా గొంతులు స్వరానికి కాస్త కిందనో పైనో నిలుస్తాయి, నిజమే. సుశీలమ్మ, జానకమ్మ పాటలు వింటూ పెరిగిన చెవికి అది ముల్లులా గుచ్చుకుంటుంది. నాకూ గుచ్చుకుంది. కానీ ఆ చెవితో ఈ పాట వినకూడదు. మా ఊళ్లో బతుకమ్మ ఆడేటప్పుడు డప్పు లేకపోయినా పాట ఆగదు, చప్పట్లే తాళం. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. పదిమంది గొంతులు పది ఎత్తుల్లో ఉంటాయి, మా అమ్మమ్మ గొంతు అన్నిటికంటే కింద. శ్రుతి తప్పిందని ఆ వలయంలోంచి ఎవరూ బయటికి నడవలేదు. ఈ ఇంగ్లండ్ పిల్లలకీ దానికీ సంబంధం ఏమీ లేదు. నా చెవికి తలుపు తీసింది మాత్రం ఆ జ్ఞాపకమే: పాడేది మనిషి అని తెలిసేలా పాడటం కూడా ఒక పద్ధతి.

ఇంకో విషయం. ట్రేసీ థార్న్ అప్పటికి గాయని అనిపించుకోవాలని ముందుకు వచ్చిన మనిషి కాదు. అంతకుముందు ‘స్టెర్న్ బాప్స్’ అనే బ్యాండ్‌లో గిటార్ వాయిస్తున్నప్పుడు ఒకసారి పాడి చూడమంటే, అందరి ముందు సిగ్గేసి బట్టల అలమారలో దూరి, లోపలి నుంచి పాడిందట. ఆ సంగతి తన జ్ఞాపకాల పుస్తకంలో ఆమే రాసుకుంది. ఆ సిగ్గు ‘బీచ్ పార్టీ’లో వినపడుతుంది. లోతైన గొంతు, మైకుకి దగ్గరగా, పక్కవాళ్లకు చెప్పుకుంటున్నట్టు. ఆలిస్ గొంతు దానికి పూర్తిగా వ్యతిరేకం, తేటగా, నిటారుగా, కళ్లలోకి చూసి మాట్లాడినట్టు ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు పాడుతుంటే ఒకే ఉత్తరాన్ని ఇద్దరు చదివినట్టు ఉంటుంది నాకు.

దయచేసి వీళ్లను ‘అమాయకం’ అనొద్దు. మీ ప్రశ్నలో ఆ మాట రెండుసార్లు వచ్చింది. అప్పటి విలేఖరుల దగ్గర్నుంచి ఇప్పటి రాతగాళ్ల దాకా అందరూ అదే వాడారు. అమ్మాయిలు మెల్లగా వాయిస్తే అమాయకత్వం, అదే పని అబ్బాయిలు చేస్తే మినిమలిజం, అంటే కావాలని తక్కువతో సరిపెట్టే కళ. ఆల్బమ్ వెనక పాటల పేర్లు చూడండి: ‘ప్రామిసెస్’, ‘డిజానెస్టీ’, ‘హీ గాట్ ద గర్ల్’, ‘టైమ్స్ వుయ్ యూజ్డ్ టు స్పెండ్’. వాగ్దానాలు, అబద్ధాలు, పోగొట్టుకున్న మనుషులు. ఈ పిల్లలకు అసూయ అంటే ఏమిటో, మాట తప్పడం అంటే ఏమిటో బాగా తెలుసు. ఏడవకుండా, అరవకుండా చెప్తారు. మీరు నిర్వాణాలో వెతుక్కున్న కోపం ఇందులోనూ ఉంది, గొంతు పెంచకుండా.

ఇక పేరులోనూ, పాటల్లోనూ ఆ సముద్రం. ‘హాలిడే సాంగ్’, ‘20,000 లీగ్స్’, తర్వాతి ఆల్బమ్‌లో ‘షెల్ ఐలాండ్’, ‘ఎ ప్లేస్ ఇన్ ద సన్’. ఎటు చూసినా నీళ్లే. అసలు విషయం ఏమిటంటే హర్ట్‌ఫర్డ్‌షైర్‌కు ఏ వైపూ సముద్రం లేదు. నాలుగు దిక్కులా భూమే. ఇది తెలిశాక ఆ పాటలు నాకు వేరేగా వినపడ్డాయి. హనుమకొండలో పెరిగిన నాకు పన్నెండేళ్లు వచ్చేదాకా సముద్రం అంటే బంధువుల ఫొటోల్లో విశాఖ. వేసవి సెలవుల్లో ఎవరైనా వెళ్లొచ్చి గవ్వలు ఇస్తే, వాటిని చెవి దగ్గర పెట్టుకుని వినడమే. దగ్గర లేనిదాన్ని రోజూ తలుచుకుంటే అది ఊరికంటే పెద్దదవుతుంది. ఈ పాటల్లో ఉన్నది ఆ సముద్రమే, తీరాన ఇల్లున్నవాళ్లు రాసే సముద్రం కాదు.

కొబేన్‌కి ఇది ఎందుకు నచ్చిందని అడిగారు. ఆయన మనసులో దూరి చెప్పలేను గానీ, ఆ జాబితా మొత్తం చూస్తే ఒక తీరు కనపడుతుంది. యంగ్ మార్బుల్ జెయింట్స్, రెయిన్‌కోట్స్, వాసెలిన్స్, షోనెన్ నైఫ్ అందులో ఉన్నారు. అందరూ తక్కువ వాయించి ఎక్కువ చెప్పినవాళ్లు, చాలావరకు అమ్మాయిలు పాడినవి. నిర్వాణా గోలలోంచి గిటార్ డిస్టార్షన్ తీసేసి చూడండి, కింద ఉండేది చిన్నపిల్లల పాటంత సరళమైన బాణీ. 1993లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ అనే టీవీ కచేరీలో నిర్వాణా వాళ్లు వాసెలిన్స్ పాట పాడినప్పుడు అది బయటపడింది. అయితే నిర్వాణాకి మూలం అనుకుంటూ ‘బీచ్ పార్టీ’ వింటే మళ్లీ నిరాశే. ఇరవై ఏళ్ల క్రితం మీకు జరిగింది అదేనని నా అనుమానం. ఆయన సిఫార్సును గుమ్మం దాకా వాడుకుని, అక్కడే వదిలేసి లోపలికి వెళ్లండి.

ముందు ఏది వినాలి? వాళ్లవి రెండే ఎల్పీలు. రెండోది ‘లేజీ వేస్’, 1983లో చెర్రీ రెడ్ లేబుల్ వేసింది. అప్పటికి జీనా వెళ్లిపోయింది, ట్రేసీ, జేన్, ఆలిస్ ముగ్గురే. దీన్ని రికార్డు చేయించింది స్టువర్ట్ మాక్సమ్, యంగ్ మార్బుల్ జెయింట్స్ పాటలు రాసినాయన. కార్డిఫ్ నుంచి వచ్చిన ఆ బ్యాండ్ 1980లో ఒకే ఒక్క ఆల్బమ్ చేసి ఆగిపోయింది. ఖాళీ జాగాను ఎలా నిలబెట్టాలో ఆయనకు తెలిసినట్టు అప్పట్లో ఇంకెవరికీ తెలియదంటాను. ‘లేజీ వేస్’లో ప్రతి వాద్యం దాని చోట కుదురుగా కూర్చుంది. గొంతులు గట్టిపడ్డాయి. మీ చెవికి ‘బీచ్ పార్టీ’ గరుకుగా ఉంటే, దీనితో మొదలుపెట్టండి. ‘ఎ ప్లేస్ ఇన్ ద సన్’, ‘డోంట్ కమ్ బ్యాక్’ వినేసరికి బేస్‌ను వెంబడించడం అలవాటవుతుంది. అప్పుడు వెనక్కి వెళ్తే షెడ్డు తలుపు తెరుచుకుంటుంది.

ఇక్కడొక జాగ్రత్త. చెర్రీ రెడ్ ఈ రెండింటినీ కలిపి ఒకే సీడీగా వేసింది, అందులో తర్వాత చేసిన ‘లేజీ వేస్’ ముందు వస్తుంది. మీరు సంపాదించింది అదే అయితే, ‘బీచ్ పార్టీ’ విన్నాననుకుని సగం వేరే ఆల్బమ్ విని ఉండొచ్చు. పాటల పేర్లు చూసుకోండి. ‘ఫ్లయింగ్ ఓవర్ రష్యా’, ‘హనీ’, ‘ఫ్రైడేస్’ ఉంటే అది షెడ్డులో చేసింది.

అంత ఖర్చు, అంత ఓపిక వద్దనుకుంటే 1982 చివర్లో చెర్రీ రెడ్ వేసిన ‘పిల్లోస్ అండ్ ప్రేయర్స్’ అనే సంకలనం వెతకండి. అప్పట్లో దాని ధర 99 పెన్నీలు, అంతకు మించి ఇవ్వొద్దని కవరు మీదే అచ్చువేశారు. అందులో ‘లేజీ వేస్’ పాట ఉంది, ట్రేసీ ఒంటరిగా పాడిన ‘ప్లెయిన్ సెయిలింగ్’ ఉంది. ఆ కాలం గాలి ఎలా ఉండేదో ఒక్క రికార్డులో తెలుస్తుంది.

లోపాలు చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. ‘బీచ్ పార్టీ’లో పదహారు పాటలు. నా లెక్కలో అందులో తొమ్మిది నిలబడతాయి. మిగతావి నోటుపుస్తకంలో పెన్సిల్ గీతలు, మొదలవ్వగానే అయిపోతాయి. రెండో వైపు మధ్యలో వరసగా మూడు పాటలు ఒకే నడకలో, ఒకే ఎత్తులో పోతాయి. అక్కడ నేను కూడా లేచి టీ పెట్టుకున్న రోజులున్నాయి. రికార్డింగ్ నాణ్యత కూడా పాటపాటకీ మారుతుంది, ఒకచోట గొంతు ముందుకు వచ్చి మీద పడుతుంది, ఇంకోచోట వాద్యాల వెనక నక్కుతుంది. ఇవన్నీ ‘ఆకర్షణ’ అని వెనకేసుకు రావాల్సిన పనిలేదు. లోపాలు లోపాలే. వాటితో సహా ఆ తొమ్మిది పాటలు నాకు కావాలి.

తర్వాతి కథ తెలిసినవాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. ట్రేసీ 1981లో చదువుకోవడానికి హల్ యూనివర్సిటీకి వెళ్లింది, అక్కడ బెన్ వాట్ పరిచయమయ్యాడు. ఇద్దరూ కలిసి ‘ఎవ్రీథింగ్ బట్ ద గర్ల్’ అయ్యారు, ఆ ఊళ్లోని ఒక కొట్టు నినాదమే పేరుగా పెట్టుకున్నారు. 1994లో మాసివ్ అటాక్ అనే ఇంగ్లండ్ బృందం చేసిన ‘ప్రొటెక్షన్’లో వినపడే గొంతు ఆమెదే. ఆ తర్వాతి ఏడాది టాడ్ టెర్రీ రీమిక్స్ చేసిన ‘మిస్సింగ్’ ప్రపంచమంతా తిరిగింది. మీరు కూడా ఎక్కడో ఒకచోట దానికి కాలు కదిపే ఉంటారు. దాంతో మెరీన్ గర్ల్స్ అంటే ‘ట్రేసీ థార్న్ చిన్నప్పటి బ్యాండ్’ అని చెప్పేసి ఊరుకుంటారు. ఆ చెప్పడంలో జేన్, ఆలిస్ మాయమైపోతారు. పాటలు అందరూ రాశారు. బేస్ లేకపోతే ఆ పాటలే లేవు. 1982లో వచ్చిన ట్రేసీ సొంత ఆల్బమ్ ‘ఎ డిస్టెంట్ షోర్’ మీది బొమ్మ కూడా జేన్ వేసిందే. 1983లో గ్లాస్గోలో ఒక కచేరీ చేదుగా ముగిశాక బ్యాండ్ విడిపోయింది. అక్కచెల్లెళ్లిద్దరూ ‘గ్రాబ్ గ్రాబ్ ద హాడక్’ అని ఇంకో బ్యాండ్ పెట్టారు. అదీ వెతికి వినండి, ఆలిస్ గొంతు ఎంత బలమైందో తెలుస్తుంది.

‘ఇండీ పాప్’ (చిన్న లేబుళ్ల మీద వచ్చే పాప్) అనగానే 1986 నుంచి లెక్క మొదలుపెట్టడం కూడా అలవాటైంది, ఆ ఏడాది ఎన్ఎమ్ఈ అనే ఇంగ్లండ్ సంగీత పత్రిక వేసిన ‘సీ86’ క్యాసెట్ వల్ల. ఈ అమ్మాయిలు అప్పటికి విడిపోయి మూడేళ్లు. ఆ పేరు పుట్టకముందే ఆ పని చేసేశారు.

వినే పద్ధతి గురించి నాకు పనికొచ్చింది చెప్తాను. ఆల్బమ్ మొత్తం ఒకేసారి వద్దు, ఒక వైపు చాలు, పావుగంట పైచిలుకు. ఈక్వలైజర్‌లో బేస్ పెంచకండి, గిటార్ గీతలు మసకబారతాయి. శబ్దం మరీ పెంచొద్దు, ఎదురుగా కూర్చుని వాయిస్తే ఎంత వినపడుతుందో అంతే ఉంచండి. మొదటిసారి గొంతును పూర్తిగా వదిలేసి బేస్ వెంటే నడవండి. రెండోసారి గిటారు ఎక్కడ వాయించకుండా ఊరుకుంటోందో చూడండి. మాటలు మూడోసారికి వాటంతటవే వస్తాయి.

మీ అమ్మాయి పక్కనే ఉంటుంది కాబట్టి మీకు నాకంటే మంచి గురువు ఇంట్లోనే ఉంది. ‘హనీ’ పెట్టి, ఆమె చేతికి బేస్ ఇచ్చి, పాటతో పాటు వాయించమనండి. మీరు పక్కన కూర్చుని చప్పట్లతో తాళం వేయడానికి ప్రయత్నించండి. రెండు మూడు చోట్ల మీ చప్పట్లు ముందు పడతాయి, బేస్ ఇంకా రాదు. అక్కడ పాట ఆపి, ఆ స్వరం కోసం తను ఎందుకు ఆగిందో ఆమెను అడగండి.